రంగస్థలం కట్టిన బడిపంతులు
కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితం



డిసెంబరు మాసం వచ్చిందంటే మన సంఘాలన్నిటిలోనూ ఒకే సందడి. సండేస్కూలు ఉపాధ్యాయులు ఒక నాటకం ఎన్నుకుంటారు. పిల్లలకు వేషాలు పంచుతారు. గొల్లవారికి దుప్పట్లు, జ్ఞానులకు జరీ అంచు చీరెలు, దూతలకు తెల్లని పంచెలు ఇండ్ల నుండి పోగవుతాయి. హేరోదు వేషానికి గట్టి గొంతుగల కుర్రవాని కోసం వెదకుతారు. ఈ పనిని మనం పండుగ సంబరంలో ఒక భాగంగా మాత్రమే చూస్తాము. పదిమంది పిల్లలకు మాట నేర్పి, నడక నేర్పి, భయం పోగొట్టి జనం ఎదుట నిలబెట్టే ఆ ఉపాధ్యాయుడు ఎంత గొప్ప పని చేస్తున్నాడో అంతగా ఆలోచించము.

ఆధునిక తెలుగు నాటకాన్ని తొలిసారి ప్రదర్శింపజేసినవారు కూడ అట్టి ఒక ఉపాధ్యాయుడే. ఆయన ఆస్థాన కవి కారు, నాటక కంపెనీ యజమాని కారు. నెల జీతానికి పాఠాలు చెప్పుకొనే బడిపంతులు. ఆయనే రావు బహదూరు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఈ శతవార్షిక సంచికలో వారి జీవితాన్ని సంఘస్థుల ముందుంచాలని మేము తలంచాము.

వితంతు వివాహాలు జరిపించిన సంస్కర్తగా పంతులుగారు అందరికీ తెలుసు. మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదివేది కూడ ఆ సంగతే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఏటా ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. అది పంతులుగారి పుట్టినరోజు. సంస్కర్త పుట్టినరోజు నాటకరంగంవారి పండుగ ఎందుకైనది? బోధించడం, వ్రాయడం, ఆడించడం అనేవి వారి చేతిలో మూడు పనులుగా ఉండక ఒకే పనిగా ఉండినవి. ఆ ఒక్క సంగతిని చెప్పడానికే ఈ వ్యాసం.

బాల్యము, విద్య

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో, అనగా నేటి రాజమహేంద్రవరంలో, జన్మించారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పూర్ణమ్మగారు. శైశవంలోనే మశూచి సోకి బ్రతికి బయటపడ్డారు. నాలుగేండ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్నారు. పెదతండ్రి వెంకటరత్నంగారు ఆ పిల్లవాని భారం వహించారు. వీధిబడిలో చదువు ప్రారంభమై, తరువాత ఇంగ్లీషు పాఠశాలకు మారింది. ఉబ్బసము, దగ్గు చిన్ననాటి నుండి వారిని విడువలేదు. బలహీనమైన దేహము, జంకులేని మనస్సు, ఈ రెండూ కడవరకు వారి వెంట నడిచాయి.

1861లో వివాహమైంది. వరునికి పదమూడేండ్లు, వధువు బాపమ్మకు తొమ్మిదేండ్లు. ఆ బాపమ్మగారే తరువాత రాజ్యలక్ష్మమ్మగారుగా తెలుగుదేశమంతటా గౌరవింపబడిన ఇల్లాలు. బాల్యవివాహాలపై జీవితమంతా పోరాడిన ఆయన తామే బాల్యవివాహం చేసుకొన్నవారు కావడం విచిత్రంగా తోచవచ్చును. ఆ కాలంలో ఆ దురాచారం ఎంత సర్వసాధారణమో దీనివలన తెలుస్తుంది. ఆయన పోరాడినది ఎక్కడో ఉన్న చెడుగుతో కాదు, తమ ఇంటి ఆచారంతోనే.

1869లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. సర్కారు కచేరీలో ఉద్యోగం సంపాదించుకొనడానికి ఆ రోజులలో ఆ చదువు చాలును. కాని కచేరీలలోని లంచాలు, అబద్ధాలు చూచి వారికి ఆ దారి రుచించలేదు. జీతం తక్కువైనా ఉపాధ్యాయ వృత్తినే ఎన్నుకొన్నారు.

బడి, పత్రిక

కాకినాడ సమీపాన కోరంగి అనే రేవు ఊరు ఉన్నది. 1839లో ఉప్పెన వచ్చి ఆ ఊరిని తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ కోరంగిలో పంతులుగారు పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. అటుపిమ్మట కాటన్ దొరగారి ఆనకట్టతో పేరుపొందిన ధవళేశ్వరానికి వచ్చారు. అక్కడ 1874లో ఒక్క నెల తేడాతో రెండు పనులు ప్రారంభించారు. సెప్టెంబరులో బాలికల పాఠశాల తెరిచారు. అక్టోబరులో వివేకవర్ధని అనే పత్రిక స్థాపించారు.

ఈ రెంటికీ గల సంబంధాన్ని మనం గమనించాలి. ఆడపిల్లకు చదువు వద్దని ఊరంతా అంటున్న కాలమది. బడి తెరిస్తే చాలదు, పిల్లలను పంపించే తల్లిదండ్రుల మనస్సు మారాలి. ఆ మనస్సుతో మాట్లాడటానికి పత్రిక కావాలి. బడి పిల్లలకైతే పత్రిక పెద్దలకు బడి. వివేకవర్ధనిలో వారు బాల్యవివాహాలను, కన్యాశుల్కాన్ని, వేశ్యల మేళాలు పెట్టించే ధనికులను, న్యాయస్థానాలలోని లంచగొండితనాన్ని పేరుపేరునా ఖండించారు. 1876లో ఆ పత్రికకు అనుబంధంగా హాస్యసంజీవని వెలువడింది. కోపంగా చెప్పినప్పుడు చెవి మూసుకొనేవాడు నవ్వించి చెప్పినప్పుడు వింటాడని పంతులుగారు గ్రహించారు. నాటకానికి తలుపు తెరుచుకొన్నది ఇక్కడనే.

కొద్దికాలానికి వారు రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా చేరారు. 1878లో ప్రార్థన సమాజము, సంఘ సంస్కరణ సమాజము స్థాపించారు. ఆ సంవత్సరమే రాజశేఖర చరిత్రము అనే నవలను తమ పత్రికలో ప్రకటింప నారంభించారు. గోల్డుస్మిత్ అనే ఆంగ్ల రచయిత ఒక గ్రామ పాదిరి కుటుంబ కష్టసుఖాలను చిత్రించిన నవల వారికి ప్రేరణ. ఆ పాదిరి ఇల్లు పంతులుగారి చేతిలో ఒక తెలుగు బ్రాహ్మణ గృహస్థుని ఇల్లుగా మారింది. 1887లో హచిన్సన్ అనే ఆంగ్లేయుడు దానిని ఇంగ్లీషులోనికి అనువదించి లండనులో ప్రకటించాడు. మాటను ఒక దేశం నుండి తెచ్చి మన ఇంటి మాటగా చేయగల నేర్పు వారికి ఎంత ఉండినదో చెప్పడానికి ఇది చాలును. ఆ నేర్పే నాటకాలలోనూ పనికి వచ్చింది.

అంతకు ముందు నాటకము

పంతులుగారి కంటె ముందు తెలుగువారికి ఆటలు లేవని కాదు. యక్షగానాలు, కూచిపూడివారి భాగవతాలు, తోలుబొమ్మలాటలు తరతరాలుగా ఉన్నాయి. మన చిత్తూరు ప్రాంతం సంగతే చూడండి. గ్రామాలలో ద్రౌపదమ్మ తిరునాళ్ళలో దినాల తరబడి భారత కథ చెప్పి, వీధినాటకం ఆడి, అర్జునుని తపస్సుకు మ్రాను నిలిపి, చివరికి మట్టితో చేసిన దుర్యోధనుని పడగొట్టే ఆచారం ఇప్పటికీ ఉన్నది. తెల్లవార్లూ కూర్చొని చూచే జనానికి ఆ కథ ముందే తెలుసు. తెలిసిన కథను మరల చూచి కంట తడిపెట్టుకోవడంలో ఒక గొప్ప అనుభవం ఉన్నది. దానిని మేము చులకన చేయము.

కాని ఆ ఆటలలో రాజులు, రాక్షసులు, దేవతలే గాని పక్కింటి మనిషి కనబడడు. ఇంకొక ప్రక్క పండితులు నాటకాలు వ్రాయడం ఆరంభించారు. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతంలో మంజరీ మధుకరీయం రచించారు. వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1876లో షేక్స్పియరు వ్రాసిన జూలియస్ సీజరును తెలుగు చేశారు. ఇవి పుస్తకాలుగానే ఉండిపోయాయి. వీధిలో ఆడేదానిలో నేటి మనిషి లేడు, పుస్తకంలో వ్రాసినది వేదిక ఎక్కలేదు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీలో పంతులుగారు అడుగు పెట్టారు.

1876లో హాస్యసంజీవనిలో వారి బ్రహ్మవివాహము వెలువడింది. జనం దానిని పెద్దయ్యగారి పెళ్ళి అని పిలుచుకొన్నారు. కాటికి కాళ్ళు చాచిన ముసలివానికి పసిపిల్లను కట్టబెట్టడం, ఆ పిల్లకు వెల కట్టడం, నడుమ పెండ్లి పేరయ్యలు లాభపడటం, ఇదీ అందులోని వస్తువు. పాత్రలు గ్రంథాలలోని భాషలో కాక తమ ఇండ్లలో మాట్లాడే విధంగా మాట్లాడాయి. చదివినవారికి తమ వీధి కనబడింది. కొందరికి తమ ముఖమే కనబడింది. తరువాత వారు వ్రాసిన వ్యవహార ధర్మబోధిని ప్లీడర్లను గూర్చినది. కక్షిదారులను మోసగించే ప్లీడర్లు, అబద్ధపు సాక్ష్యాలు, కోర్టు చుట్టూ తిరిగే దళారులు అందులో కనబడతారు. తాము ఒల్లని కచేరీ లోకాన్నే పంతులుగారు నాటకంలోనికి తెచ్చి నిలబెట్టారు.

1880: పాకలో ప్రదర్శన

ఈ వ్యవహార ధర్మబోధినిని 1880లో రాజమండ్రిలో పంతులుగారు తమ విద్యార్థుల చేత ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అదే ఆరంభమని చరిత్రకారులు చెబుతారు. ఆ సంవత్సరమే ధార్వాడ నుండి ఒక నాటక సమాజం రాజమండ్రికి వచ్చింది. వారి నాటకాలు తెలుగులో కావు. తెరలు, వెలుగులు, వేషాలు, పాటలు చూచి పట్టణం మురిసింది. భాష తెలియనివారు సైతం ఎగబడి చూచారు. తెలుగు పట్టణంలో తెలుగు నాటకం ఎందుకుండకూడదని పంతులుగారికి పట్టుదల కలిగింది. ధార్వాడవారు తమ ఆటల కోసం వేసుకొన్న పాక వారు వెళ్ళిన తరువాత ఖాళీగా ఉన్నది. పంతులుగారు దానినే వాడుకొన్నారు. విద్యార్థులను సమాజంగా కూర్చి ఆ పాకలోనే చమత్కార రత్నావళిని, సంస్కృతం నుండి తెలిగించిన రత్నావళిని ప్రదర్శింపజేశారు.

చమత్కార రత్నావళికి మూలం షేక్స్పియరు హాస్యనాటకం. ఒకే పోలిక గల కవలలు ఇద్దరు యజమానులు, ఒకే పోలిక గల కవలలు ఇద్దరు సేవకులు. ఒకరిని చూచి ఇంకొకరని జనం భ్రమపడటమే కథ. అట్టి నాటకాన్ని ఆడించడం తేలికైన పని కాదు. ఎవరు ఎప్పుడు ఏ ప్రక్క నుండి వస్తారు, ఎప్పుడు తప్పుకొంటారు అనే లెక్క కొంచెం తప్పినా కథ చెడుతుంది. పెద్ద పెద్ద పద్యాలు అప్పజెబితే సరిపోదు. మాటకు మాట తగలాలి. ప్రేక్షకుడు నవ్వవలసిన చోట నవ్వాలి. అంతకు ముందు తెలుగులో ఇట్టి నాటకాన్ని చూచినవారెవరూ లేరు గనుక నటులకు అనుకరించడానికి కూడ మాదిరి లేదు. వ్రాసినవారు, నేర్పినవారు, వేదికపైకి పంపినవారు ఒక్క పంతులుగారే. ఇప్పుడు మనం దర్శకుడు, ప్రయోక్త అని పిలిచే పనికి అప్పుడు తెలుగులో పేరైనా లేదు. ఒక ఉపాధ్యాయుడు తరగతిలో చేసే పనిని పాకలో చేశాడు, అంతే.

బడి పిల్లలు వేషాలు వేయడమంటే నాటి పెద్దలకు ఎంత రోతయో మనకు ఊహకందదు. ఆట ఆడటం చదువుకొన్న కుటుంబాలవారి పని కాదనే అభిప్రాయం బలంగా ఉండేది. స్త్రీ పాత్రలు కూడ మగపిల్లలే ధరించాలి. కుమారుణ్ణి చదువుకొమ్మని పంపితే పంతులు వానిచేత ఆడవేషం వేయించాడని ఇంట్లో మాట రాకుండునా? అయినను విద్యార్థులు వచ్చారు. వారికి పంతులుగారి మీద గల నమ్మకము అట్టిది. ఈ నమ్మకం సంగతి మనం జ్ఞాపకముంచుకోవాలి. మరుసటి సంవత్సరమే దానికి పెద్ద పరీక్ష రాబోతున్నది.

ఉపన్యాసము, నాటకము, వివాహము

వరుసగా మూడు సంవత్సరాలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడండి. 1879 ఆగస్టులో పంతులుగారు వితంతు వివాహం శాస్త్రసమ్మతమని రాజమండ్రిలో మొదటి ఉపన్యాసమిచ్చారు. 1880లో నాటకాలాడించారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. మొదట మాట, తరువాత ఆట, చివరకు చేత.

ఆ వివాహపు రోజు రాజమండ్రి పట్టణం అట్టుడికినట్లు ఉడికింది. గౌరమ్మ అనే బాల వితంతువుకు గోగులపాటి శ్రీరాములు అనే యువకునితో పంతులుగారి ఇంట వివాహం. ఛాందసులు పెండ్లి చెడగొట్టడానికి సిద్ధమయ్యారు. వెలివేత భయంతో బంధువులు రాలేదు. వంటవారు దొరకలేదు, నీళ్ళు తెచ్చేవారు మానుకొన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసి తెచ్చి వంట చేశారు. పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. దానికంటె గట్టి బందోబస్తు విద్యార్థులది. పంతులుగారి శిష్యులు గుంపుగా వచ్చి ఇంటికి, పెండ్లి ఊరేగింపుకు కాపలాగా నిలిచారు. నాలుగు దినాలకే, డిసెంబరు 15న, రెండవ వివాహం కూడ జరిగింది.

ఈ శిష్యులు ఎక్కడనుండి వచ్చారు? ఒకనాడు ఒక ఉపన్యాసం విని కదిలివచ్చినవారు కారు. వారు ఆయన తరగతిలో కూర్చున్నవారు, ఆయన పత్రిక చదివినవారు, ఆయన నాటకాలు ఆడినవారు, చూచినవారు. వెల కట్టిన పసిపిల్లను కథలో చూచి నవ్వినవానికి, ఆ నవ్వు చల్లారిన తరువాత, అట్టి పిల్ల నిజంగా ఎదుటికి వచ్చినప్పుడు తప్పించుకొనడం కష్టం. వేషం కట్టి నలుగురి ఎదుట నిలబడటానికి సిగ్గు విడిచినవానికి, న్యాయం పక్షాన నలుగురి ఎదుట నిలబడటానికి అంత భయముండదు. పాకలో నేర్చినది వీధిలో పనికి వచ్చింది. పంతులుగారి నాటకాల విలువను టిక్కెట్ల లెక్కతోను, చప్పట్ల లెక్కతోను కాక ఈ లెక్కతో చూడాలని మా మనవి.

బైబిలు చదివే మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త సూటిగా నిందించక ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. కథ విన్న రాజు అందులోని దుర్మార్గునిపై మండిపడ్డాడు. ఆ దుర్మార్గుడు తానేనని తెలిసికొన్నప్పుడు అతనికి దాగుకొనడానికి చోటు లేకపోయింది. ప్రహసనం చేసే పని అదే. ప్రేక్షకుడు ముందు నవ్వి తీర్పు తీరుస్తాడు, తరువాత ఆ తీర్పు ఎవరిమీద పడిందో గ్రహిస్తాడు.

తరువాతి కృషి

వితంతు వివాహాల వలన పంతులుగారికి పని, ఖర్చు, శత్రువులు ఒక్కసారిగా పెరిగారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేసి ఆదుకొన్నారు. క్రమేణ దాదాపు నలభై వివాహాలు వారి చేతిమీదుగా జరిగాయి. వివాహం చేసుకొన్న దంపతులను వారి వారు వెలివేస్తే పోషణ భారం కూడ పంతులుగారిదే. ఇన్ని బాధ్యతల నడుమ వారు నాటక సమాజాన్ని వృత్తిగా నడపలేదు. కాని నాటక రచన మానలేదు. కాళిదాసు శాకుంతలాన్ని, షేక్స్పియరు వెనిసు వర్తకుని కథను తెలుగు చేశారు. షెరిడన్ హాస్యనాటకాల నుండి రాగమంజరి, కల్యాణ కల్పవల్లి వచ్చాయి. హరిశ్చంద్రుని కథను, ప్రహ్లాదుని కథను నాటకాలుగా వ్రాశారు. చిన్న ప్రహసనాలైతే అనేకం. 1890లో రాజమండ్రిలో తమ డబ్బుతో పురమందిరం కట్టించారు. పదేండ్ల క్రితం ఎవరో విడిచిన పాకలో నాటకమాడించిన పంతులుగారు, పట్టణ ప్రజలు కూడి మాట్లాడుకొనడానికి స్థిరమైన కప్పునిచ్చారు.

వారు వెలిగించిన దీపం ఇతరుల చేతులకు మారింది. ఒంగోలు మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా ఉండిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రికి వచ్చి నాటక సమాజం నడిపారు. వారి కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు గయోపాఖ్యానం మొదలైన నాటకాలు వ్రాశారు. ఆ సమాజంలో వేషాలు వేసిన బాలుడే తరువాత ఆంధ్రకేసరిగా, ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా పేరుపొందిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఉపాధ్యాయుడే ప్రయోక్త కావడం అనే ఆచారం వీరేశలింగంగారితో ఆగలేదన్నమాట. 1892 ఆగస్టులో విజయనగరంలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం మొదటిసారి ప్రదర్శింపబడింది. బ్రహ్మవివాహం ఎత్తుకొన్న వస్తువు ఆ నాటకంలో మహావృక్షమైనది.

మన రాయలసీమవైపు చూస్తే, 1880ల లోనే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదిని సభను స్థాపించి చిత్రనళీయం మొదలైన నాటకాలు వ్రాసి, ఆడించి, తామే నటించారు. ఆంధ్ర నాటక పితామహుడని వారికి పేరు. ఆ గాలి మన చిత్తూరుకు కూడ వీచింది. ఇక్కడి నాటక సమాజాలలో పాడి, నటించి, ఊరి పేరునే ఇంటి పేరుగా చేసుకొని సినిమా రంగంలో వెలిగిన నాగయ్యగారిని ఎరుగనివారెవరు?

గుణదోషములు

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు దోషాలు దాచడం సత్యానికి ద్రోహం. పంతులుగారి కలం పదునైనది, కొన్నిమార్లు మితిమీరి పదునైనది. ప్రహసనాలలో ఎదిరివారిని గుర్తుపట్టేటట్లు చిత్రించి అవమానపరచడం వారికి అలవాటు. అందువలన వ్యాజ్యాలు, వైరాలు వచ్చాయి. చెడుగును ద్వేషించడానికి, చెడ్డవానిని ద్వేషించడానికి గల భేదం ఆ రచనలలో అన్నివేళలా కనబడదు. చివరి దినాలలో కొందరు సహచరులతోనే వారికి అభిప్రాయభేదాలు వచ్చి మనస్తాపం కలిగింది. ఇంకొక మాట. ఆడపిల్లలకు బడి తెరిచిన ఆయన వేదికపై ఆడవేషాన్ని మగపిల్లలకే ఇచ్చారు. స్త్రీలు గౌరవంగా రంగస్థలమెక్కడానికి తెలుగుదేశం ఇంకా కొన్ని దశాబ్దాలు వేచి ఉండవలసి వచ్చింది. ఎంతటి సంస్కర్తయైనను తన కాలపు గోడలన్నిటినీ ఒక్కడే కూల్చలేడు.

చివరి దినములు

1893లో ప్రభుత్వం వారికి రావు బహదూరు బిరుదునిచ్చింది. ఉద్యోగ జీవితపు చివరి భాగంలో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. ఆంధ్ర కవుల చరిత్ర రచించి మన ప్రాచీన కవుల జీవితాలను వెలుగులోనికి తెచ్చారు. తమ జీవితాన్ని స్వీయచరిత్రముగా వ్రాసి తెలుగులో ఆత్మకథకు దారి వేశారు. హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ ఆస్తినంతటినీ దానికి వ్రాసి ఇచ్చారు. వారికి సంతానం లేదు. బడులు, వితంతు శరణాలయము, శిష్యులే సంతానమనుకొన్నారు.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు మరణించారు. అరువది ఏండ్లు దాటిన పంతులుగారికి అది కోలుకోలేని దెబ్బ. గోదావరి నుండి నీళ్ళు మోసిన ఆ చేతులు లేకుంటే మొదటి పెండ్లిపందిరి నిలిచేది కాదు. నాటకంలో తెర వెనుక నిలిచి అన్నీ అందించేవారిని ప్రేక్షకులు చూడరు, చప్పట్లు కొట్టరు. పంతులుగారి జీవితంలో ఆ స్థానం ఆమెది. ఆమె పోయిన తరువాత తొమ్మిదేండ్లు వ్రాత మానకుండా పనిచేసి, 1919 మే 27న మదరాసులో పంతులుగారు కన్నుమూశారు.

మన సంఘమునకు పాఠము

పంతులుగారు బ్రహ్మసమాజ మతస్థులు, మన విశ్వాసానికి చెందినవారు కారు. అయితే నిస్సహాయులైన పిల్లలకు వారు చేసిన ఉపకారాన్ని కృతజ్ఞతతో తలంచుకొనడానికి మతభేదం అడ్డురాదు. నాడు మిషన్ పాఠశాలలలో అట్టడుగు కులాల బాలబాలికలకు ఉపాధ్యాయులు అక్షరాలు దిద్దిస్తుంటే, గోదావరి తీరాన ఈ పంతులుగారు తమ ఇంటివారితోనే పోరాడి మరొక తలుపు తెరిచారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది బలపమే.

మన సంఘాలలో ఈనాటికీ నాటకమాడదగిన సంగతులున్నాయి. కట్నం పేరిట పెండ్లి బేరమైపోవడం లేదా? త్రాగుడు వలన ఇండ్లు కూలడం లేదా? ప్రభువు బల్ల యొద్ద ఒకటిగా కూర్చొని పెండ్లి సంబంధం దగ్గర కులం అడగడం లేదా? వీటిపై ప్రసంగపీఠం నుండి మేము మాట్లాడుతూనే ఉన్నాము. వినేవారు తల ఊపి ఇంటికి వెళుతూనే ఉన్నారు. పిల్లలు వేషం కట్టి ఆ సంగతినే ఎదుట నిలిపితే తల ఊపి వెళ్ళడం అంత సులభం కాదు. క్రిస్మస్ గొల్లవారిని, జ్ఞానులను ఆడించే చేతులతోనే వేసవి బైబిలు పాఠశాలలోను, యువజన కూటములలోను ఇట్టి చిన్న నాటకాలు కూడ ఆడించవచ్చును. దీనికి పెద్ద మందిరం అక్కరలేదు, ఖరీదైన తెరలు అక్కరలేదు. తెలుగు నాటకం పుట్టిననాడు దానికి ఒకరు విడిచిన పాక చాలినది.

ఈ సండేస్కూలు ఉపాధ్యాయులలో చాలమంది జీతం లేకుండ, దినమంతా వేరొక పనిచేసి అలసివచ్చి పిల్లలకు మాటలు నేర్పేవారు. వచ్చే డిసెంబరులో వారు గొంతు బొంగురుపోయేదాకా సాధన చేయిస్తుండగా, ఎప్పుడూ ఉండేదేగదా అని దాటిపోకండి. ఒక నిమిషం ఆగి, పిల్లవాణ్ణి పంపండి, ఒక దుప్పటి ఇవ్వండి, లాంతరు పట్టండి. జనం ఎదుట నిలబడి నిజం చెప్పడం ఆ పిల్లవాడు అక్కడ నేర్చుకొంటున్నాడు. ఏనాడు, ఏ వీధిలో, ఎవరి పక్షాన ఆ విద్య వానికి పనికివస్తుందో దేవునికి ఎరుక.